40 ఆంప్స్ మెయిన్ పడిపోతోంది, 63 వేసేయమంటున్నారు. వేయొచ్చా?

రావిచెట్టు_ఇల్లు, ఖమ్మం
ఏప్రిల్ 27, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. మాది గ్రౌండ్ ప్లస్ టూ ఇల్లు. అన్నదమ్ములం ముగ్గురం కలిసే ఉంటాం, మూడు ఫ్లోర్లకీ ఒకటే త్రీ ఫేజ్ మీటరు. కాంట్రాక్టెడ్ లోడ్ (కరెంటు ఆఫీసులో రాయించుకున్న లోడు) 12 కిలోవాట్లు. బయట గోడకున్న మీటర్ బాక్సులో ఫోర్ పోల్ 40 ఆంప్స్ సీ కర్వ్ ఎంసీబీ (కరెంటు మించితే తనంతట తాను పడిపోయే బ్రేకర్) ఉంది. అక్కణ్ణుంచి పైపులో 10 స్క్వేర్ ఎంఎం కాపర్ వైర్లు లోపలి డీబీకి (డిస్ట్రిబ్యూషన్ బోర్డుకి) వస్తాయి.

ఈ వేసవిలో రెండు ఏసీలు కొత్తగా పెట్టాం, దాంతో మొత్తం ఐదయ్యాయి. రాత్రి తొమ్మిదిన్నరకి అందరూ ఏసీలు వేస్తారు, పదకొండు ప్రాంతంలో మెయిన్ పడిపోతుంది. వెంటనే ఎత్తితే నిలబడదు, కాసేపాగి ఎత్తితే నిలబడుతుంది. పిల్లలు చెమటతో లేచి ఏడుపు. ఇప్పుడే మళ్లీ పడింది, చీకట్లో కూర్చుని రాస్తున్నా.

ఒక ఎలక్ట్రీషియన్ 63 ఆంప్స్ ఎంసీబీ వేసేస్తే గొడవ ఉండదన్నాడు. ఇంకొకాయన అసలు ఎంసీబీ తీసేసి ఐసొలేటర్ (చేత్తో ఆఫ్ చేసే ఉత్త స్విచ్) పెట్టండి, అది ఎప్పటికీ ట్రిప్ అవదు అన్నాడు. ఎవరి మాట వినాలి?

బీటెక్_ఈఈఈ
ఏప్రిల్ 28, ఉదయం 7:05

బ్రో, 12 కిలోవాట్లంటే ఫేజుకి 17, 18 ఆంప్సే. 40 ఎంసీబీ పడుతోందంటే ఎంసీబీయే పోయింది. కొత్త 40 వేయించండి, అయిపోతుంది.

వైర్‌మన్_సత్తెనపల్లి
ఏప్రిల్ 28, ఉదయం 7:40

కాంట్రాక్టెడ్ లోడ్ కాగితం మీది లెక్క. ఏసీలకి అది చదవడం రాదు తమ్ముడూ. ఐదు ఏసీలు, మోటారు, ఫ్రిజ్‌లు కలిస్తే ఎంతవుతుందో చూడు.

ఐసొలేటర్ సంగతికొస్తే, మా వైపు చాలా ఇళ్లలో మెయిన్‌కి ఐసొలేటరే ఉంటుంది. లోపల ప్రతి లైనుకీ ఎంసీబీ ఉన్నప్పుడు మెయిన్ కూడా ట్రిప్ అవ్వాల్సిన పనేముంది?

ప్యానెల్‌బోర్డు_బాలానగర్
ఏప్రిల్ 28, ఉదయం 9:15

ఏదీ మార్చకండి. ముందు మూడు విషయాలు చెప్పండి.

ఒకటి, రాత్రి పదిన్నరకి, అంటే పడకముందు, టాంగ్ టెస్టర్‌తో (వైరు చుట్టూ పట్టి ఆంప్స్ చూసే మీటరుతో) ఆర్, వై, బి అనే మూడు ఫేజులకీ, న్యూట్రల్‌కీ విడివిడిగా రీడింగ్ తీయించండి. రెండు, మీటర్ బాక్సు ఏ దిక్కున ఉంది, ఎండ ఎప్పుడు తగులుతుంది. మూడు, లోపలి డీబీలో మొదట ఏముంది? ఐసొలేటరా, ఆర్‌సీసీబీయా (కరెంటు లీకైతే పడే స్విచ్)? దాని మీద ఎన్ని ఆంప్స్ అని రాసి ఉంది?

గంటన్నరకి పడి, చల్లారాక నిలబడుతోందంటే ఇది షార్ట్ సర్క్యూట్ కాదు. ఎంసీబీ లోపల బైమెటల్ పట్టీ వేడెక్కి వంగుతోంది. అంటే ఎంసీబీ తన పని తాను చేస్తున్నట్టే కనిపిస్తోంది.

రావిచెట్టు_ఇల్లు
ఏప్రిల్ 28, రాత్రి 10:58

ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి రీడింగులు తీయించా. అప్పుడు నాలుగు ఏసీలు, బోరు మోటారు నడుస్తున్నాయి.

ఆర్ 46, వై 14, బి 9, న్యూట్రల్ 35.

మీటర్ బాక్సు పడమటి గోడకి ఉంది. ఇనుప బాక్సు, మధ్యాహ్నం నుంచీ ఎండే. రాత్రి పదికి చెయ్యి పెట్టినా వెచ్చగానే ఉంది. లోపలి డీబీలో మొదట ఫోర్ పోల్ ఆర్‌సీసీబీ, 40 ఆంప్స్, 100 మిల్లీ ఆంప్స్ అని ఉంది. ఐసొలేటర్ లేదు.

ప్యానెల్‌బోర్డు_బాలానగర్
ఏప్రిల్ 29, ఉదయం 8:30

జవాబు మీ రీడింగుల్లోనే ఉంది. నాలుగు ఏసీలూ, మోటారూ ఒక్క ఆర్ ఫేజు మీదే ఉన్నాయి. మూడూ కలిపితే 69 ఆంప్స్, సమానంగా పంచితే ఫేజుకి 23. మీకున్న 40 దానికి ధారాళంగా సరిపోతుంది. మీ ఇబ్బంది బ్రేకర్ చిన్నదవడం వల్ల వచ్చింది కాదు, లోడు ఒకవైపే పడటం వల్ల వచ్చింది.

పడుతున్న టైమింగ్ కూడా సరిగ్గా కుదురుతోంది. ఎంసీబీల ప్రమాణం ఐఎస్/ఐఈసీ 60898 ప్రకారం 63 ఆంప్స్ లోపు ఎంసీబీ, రేటింగుకి 1.13 రెట్లు వెళ్లినా గంట లోపల పడకూడదు, 1.45 రెట్లయితే గంట లోపల పడి తీరాలి. మీ 46 అంటే 1.15 రెట్లు. మామూలుగా అయితే చాలాసేపు లాగుతుంది. కానీ ఆ పరీక్ష 30 డిగ్రీల దగ్గర చేసేది. పడమటెండకి కాలిన ఇనుప బాక్సులో 50 ఉన్నా ఆశ్చర్యం లేదు. అంత వేడిలో 40 ఎంసీబీ దాదాపు 36లా ప్రవర్తిస్తుంది. కచ్చితమైన అంకె కంపెనీ కేటలాగ్‌లో ఉంటుంది. 46ని 36తో భాగిస్తే 1.28 రెట్లు. తొమ్మిదిన్నరకి మొదలై పదకొండుకి పడటంలో వింతేమీ లేదు.

ఇక 63 వేస్తే ఏమవుతుందో చూడండి. 10 స్క్వేర్ పీవీసీ కాపర్ వైరు, పైపులో మూడు ఫేజులూ లోడు మీద ఉన్నప్పుడు, ఐఈసీ పట్టిక ప్రకారం 30 డిగ్రీల దగ్గర 50 ఆంప్స్ మోస్తుంది. 45 డిగ్రీలకి 0.79తో గుణించాలి. అంటే 39.5. నిజం చెప్పాలంటే మీ వైరుకి 40 ఎంసీబీయే అంచు మీద ఉంది. దాని నెత్తిన 63 పెడితే, ఆ 63 దాదాపు 91 ఆంప్స్ దగ్గర కూడా గంటసేపు పడకుండా ఉండొచ్చు. ఆ గంటా గోడలోని పైపులో వైరు ఉడుకుతుంది, మీకు మాత్రం ఏమీ తెలీదు. మెయిన్ పడదు కాబట్టి సమస్య తీరిందనే అనుకుంటారు.

బ్రేకర్ ఎంపికకి వరస ఒక్కటే. నడిచే కరెంటు కన్నా బ్రేకర్ రేటింగు ఎక్కువ ఉండాలి, బ్రేకర్ రేటింగు కన్నా వైరు మోసేది ఎక్కువ ఉండాలి. 63 కావాలంటే ముందు వైరు మార్చాలి. 16 స్క్వేర్ వేసినా 68ని 0.79తో గుణిస్తే 54 దాటదు. 25 స్క్వేర్‌కి వెళ్తేనే 70 వస్తుంది.

అక్కడితో అయిపోలేదు. మీ ఆర్‌సీసీబీ 40 ఆంప్స్‌ది. లీకేజీ ఉంటేనే అది పడుతుంది. ఓవర్‌లోడు సంగతి దానికి పట్టదు, దాన్ని పైనున్న ఎంసీబీయే కాపాడాలి. పైన 63 పెట్టి కింద 40 ఆర్‌సీసీబీ వదిలేస్తే, పడాల్సింది పడదు, కాలకూడనిది కాలుతుంది. ఇది మా షెడ్డుకి వచ్చే పాత డీబీల్లో తరచూ చూస్తాను. ఆర్‌సీసీబీ ఒక పోల్ దగ్గర ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి, టెర్మినల్ స్క్రూ నల్లగా మాడి ఉంటుంది, పక్కనున్న పోల్స్ కొత్తవాటిలా మెరుస్తుంటాయి.

బీటెక్_ఈఈఈ
ఏప్రిల్ 29, ఉదయం 9:02

సార్, వైర్ కంపెనీ కేటలాగ్‌లో 10 స్క్వేర్‌కి మీరు చెప్పిన దానికన్నా ఎక్కువే ఉంది కదా?

ప్యానెల్‌బోర్డు_బాలానగర్
ఏప్రిల్ 29, ఉదయం 9:20

ఆ పట్టిక కింద చిన్న అక్షరాలు చదవండి బాబూ. వైరు గాలిలో ఉందా, పైపులో ఉందా, రెండు వైర్లా, మూడా, ఎంత ఉష్ణోగ్రత. ఒక్కో షరతుకి ఒక్కో అంకె. ఖమ్మం మే నెలకి ఆ పట్టికలో కాలమ్ ఉండదు.

రిటైర్డ్_ఏడీఈ
ఏప్రిల్ 29, మధ్యాహ్నం 12:10

బాలానగర్ మిత్రులు చెప్పింది సరైనదే. నేను డిస్కమ్‌లో (కరెంటు పంపిణీ సంస్థలో) పనిచేసి దిగిపోయినవాణ్ణి, రెండు మాటలు కలుపుతాను.

న్యూట్రల్‌లో 35 ఆంప్స్ అన్నారే, భయపడాల్సింది దానికి. మూడు ఫేజులూ సమంగా ఉంటే న్యూట్రల్‌లో కరెంటు నామమాత్రంగా ఉంటుంది. ఇప్పుడు మీ న్యూట్రల్ దాదాపు ఫేజు వైరంత మోస్తోంది. ఆ న్యూట్రల్ లగ్గు (వైరు కొసన బిగించే లోహపు ముక్క) ఎక్కడైనా లూజై ఊడిందంటే, ఆర్ మీదున్న ఏసీలు, వై, బి మీదున్న టీవీలు, ఫ్రిజ్‌లు ఒకదాంతో ఒకటి సిరీస్‌లో పడతాయి. లోడు ఎక్కువున్న ఫేజులో వోల్టేజీ కుంగుతుంది, తక్కువున్న ఫేజుల్లో 230 పోయి 400 వైపు ఎక్కుతుంది. కాలనీలో ఒకే రాత్రి పది టీవీలు పోయాయంటే చాలాసార్లు కారణం న్యూట్రల్ తెగడమే. మీ ఇంట్లో మాత్రమే జరిగితే అది మీ న్యూట్రల్. దీన్ని ఎంసీబీ గానీ ఐసొలేటర్ గానీ ఆపలేవు. కాబట్టి ముందు మెయిన్ ఆపి, మీటర్ తర్వాత ఉన్న న్యూట్రల్ స్క్రూలన్నీ చూపించండి. మీటర్ సీలు జోలికి మాత్రం పోవద్దు, దానికి లైన్‌మన్‌ని పిలవండి.

రెండోది, మీరు వాడుతున్నది ఇప్పటికే దాదాపు 16 కేవీఏ. మీటరు గరిష్ఠ డిమాండును రికార్డు చేస్తుంది. కాంట్రాక్టెడ్ లోడ్ 12 దాటుతోందని నోటీసు వచ్చేదాకా ఆగకుండా మీరే అదనపు లోడుకి దరఖాస్తు పెట్టుకోండి. డెవలప్‌మెంట్ ఛార్జీలు, డిపాజిట్ పడతాయి. తప్పదు.

వైర్‌మన్_సత్తెనపల్లి
ఏప్రిల్ 29, సాయంత్రం 6:30

సరే, ఫేజులు పంచడం ఒప్పుకున్నా. కానీ నా ఐసొలేటర్ మాటకి ఎవరూ జవాబు చెప్పలేదు. లోపల ప్రతి సర్క్యూట్‌కీ ఎంసీబీ ఉంది కదా, మీటర్ నుంచి డీబీదాకా వైరుకి ఏమవుతుంది?

ప్యానెల్‌బోర్డు_బాలానగర్
ఏప్రిల్ 29, రాత్రి 8:45

అన్నా, మీరన్నది సగం నిజం. అందుకే విడదీసి చెప్పాలి.

ఐసొలేటర్ అంటే ఐఎస్/ఐఈసీ 60947-3 కిందికి వచ్చే స్విచ్. దాని పని సరఫరాను పూర్తిగా విడగొట్టడం. రిపేరు చేసే మనిషి దాన్ని ఆఫ్ చేసి, వీలైతే తాళం వేసి, ధైర్యంగా చెయ్యి పెట్టాలి. అందుకే బోరు మోటారు దగ్గర, లిఫ్టు గదిలో, టెర్రస్ మీది ఏసీ అవుట్‌డోర్ దగ్గర, కంటికి కనపడే దూరంలో ఒకటి ఉండాలని పోరతాం. అందులో బైమెటల్ లేదు, మ్యాగ్నెటిక్ కాయిల్ లేదు. లోడు కరెంటును తెంచగలదు, షార్ట్ సర్క్యూట్ కరెంటును తెంచలేదు. పైన ఫ్యూజో బ్రేకరో తెంచేదాకా ఓర్చుకోగలదు, అంతే. ఓర్చుకోవడానికీ ఒక హద్దు ఉంటుంది, అది దాని మీదే రాసి ఉంటుంది.

మీటర్ బాక్సులో 40 ఎంసీబీ ఉండి, లోపలి డీబీలో మొదట 40 లేదా 63 ఐసొలేటర్ పెడితే అభ్యంతరం లేదు. చాలా డీబీలు అలాగే వస్తాయి. మీరు చూసిన ఇళ్లలో మీటర్ దగ్గర ఇంకో బ్రేకరో సరైన ఫ్యూజో ఉంటే అది మంచి పద్ధతే. కానీ మీటర్ దగ్గరున్న ఎంసీబీనే తీసి ఐసొలేటర్ పెడితే, ఆ 10 స్క్వేర్ వైరుకి షార్ట్ సర్క్యూట్‌లో దిక్కెవరు? లోపలి ఎంసీబీలు వాటి తర్వాత జరిగేదే చూస్తాయి. మధ్యలో ఎలుక కొరికి పైపులో ఫేజూ న్యూట్రల్ కలిస్తే వాటికి కబురే అందదు. ఇక ఓవర్‌లోడు అంటారా, కింద ఆర్ ఫేజు మీద నాలుగు 20లు, మోటారుకి ఒక 16, లైట్లవి కలిపితే వంద దాటుతుంది. ఒక్కటీ పడకుండానే వైరు మీద 80 ఆంప్స్ లాగొచ్చు.

రిటైర్డ్_ఏడీఈ
ఏప్రిల్ 29, రాత్రి 9:10

స్తంభం దగ్గర మా ఫ్యూజు ఉంటుంది కదా అని ఎవరైనా అనబోతే, ముందే చెబుతున్నా. అందులో ఏ మందం వైరు చుట్టి ఉందో దేవుడికే తెలియాలి. దాన్ని నమ్ముకుని ఇంట్లో రక్షణ తగ్గించుకోవద్దు.

డాలస్_మామ
ఏప్రిల్ 29, రాత్రి 10:25

చదువుతుంటే సరదాగా ఉంది. ఇక్కడ మా ఇంటికి 200 ఆంప్స్ మెయిన్. మా అత్తగారు విని ఇదేమైనా రైస్ మిల్లా అన్నారు. కానీ ఇక్కడ 120/240 వోల్టులు, సింగిల్ ఫేజునే రెండు కాళ్లుగా ఇస్తారు. మీ 400 వోల్టుల త్రీ ఫేజుతో ఆంప్స్‌ని నేరుగా పోల్చకూడదు.

ఇక్కడి కోడులో రెండు విషయాలు మీకు పనికొస్తాయేమో. మూడు గంటలు, అంతకన్నా ఎక్కువ సేపు ఆగకుండా నడిచే లోడుకి 125 శాతం లెక్కేస్తారు. మా కారు ఛార్జరు 48 ఆంప్స్ లాగుతుంది, దానికి 60 బ్రేకర్. ఇంకోటి, ఇంటి మొత్తం లోడు లెక్కలో అన్నీ కూడేయరు. ఒక పద్ధతిలో మొదటి 10 కేవీఏ పూర్తిగా, మిగతాది 40 శాతం తీసుకుంటారు, ఏసీ లేదా హీటరు విడిగా కలుపుతారు. 2020 కోడు నుంచి ఇంటి బయట ఎమర్జెన్సీ డిస్కనెక్ట్ కూడా తప్పనిసరి చేశారు. అగ్నిమాపక సిబ్బంది లోపలికి రాకుండానే కరెంటు ఆపడానికి.

ప్యానెల్‌బోర్డు_బాలానగర్
ఏప్రిల్ 30, ఉదయం 8:05

మామగారూ, మంచి మాట గుర్తు చేశారు. మన వైరింగ్ కోడు ఐఎస్ 732లో కూడా డైవర్సిటీ పట్టిక (అన్నీ ఒకేసారి నడవవని లోడు తగ్గించి లెక్కేసేది) ఉంది. ఇంట్లో దీపాల లోడుకి 66 శాతం లెక్కేస్తే చాలంటుంది. కానీ ఏసీల దగ్గర మన ఊళ్లలో ఆ డైవర్సిటీని నమ్మను. మే నెల రాత్రి పదికి ఇంట్లో ఉన్న ఏసీలన్నీ నడుస్తాయి, అక్కడ వంద శాతమే. గీజర్లకి, ఏసీలకి కలిపి వేసుకోనక్కర్లేదు, రెండూ ఒకే నెలలో ఎవరూ వాడరు.

125 శాతం రూలు మనకి అదే రూపంలో లేదు. కానీ రాత్రంతా నడిచే ఏసీల ఎంసీబీలను డీబీలో పక్కపక్కనే ఇరికిస్తే ఒకదాని వేడి ఇంకోదానికి తగిలి ముందే పడతాయి. మధ్యలో లైట్ల ఎంసీబీ ఒకటి పెడితే మేలు.

ఫ్లాట్_302
ఏప్రిల్ 30, మధ్యాహ్నం 1:15

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా అపార్ట్‌మెంట్ ప్యానెల్ మార్చాలి. సొంత ట్రాన్స్‌ఫార్మర్ 160 కేవీఏ. కాంట్రాక్టరు 400 ఆంప్స్, 50 కేఏ ఎంసీసీబీ (పెద్ద లోడ్లకి వాడే బ్రేకర్) మెయిన్ అని కొటేషన్ ఇచ్చాడు. పెద్దదుంటే మంచిదే కదా అంటున్నాడు. కమిటీలో ఎవరికీ అర్థం కాలేదు.

ప్యానెల్‌బోర్డు_బాలానగర్
ఏప్రిల్ 30, మధ్యాహ్నం 2:40

160 కేవీఏని 1.732తో, 433 వోల్టులతో భాగిస్తే 213 ఆంప్స్. ట్రాన్స్‌ఫార్మర్ ఫుల్ లోడే అది. 400 వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మాడుతున్నా మెయిన్ చూస్తూ ఊరుకుంటుంది. 250 ఎంసీసీబీ తీసుకోండి, థర్మల్ సెట్టింగు మార్చుకునే రకం. దాన్ని 0.85 దగ్గర పెడితే 212 అవుతుంది. కేబుల్ అంతకన్నా తక్కువ మోసేదైతే సెట్టింగు ఇంకా తగ్గించాలి.

కేఏ (కిలో ఆంప్స్) లెక్క వేరు, అది షార్ట్‌లో బ్రేకర్ తెంచగల కరెంటు. ట్రాన్స్‌ఫార్మర్ ప్లేటు మీద ఇంపెడెన్స్ శాతం రాసి ఉంటుంది. 4.5 అయితే 213ని 0.045తో భాగించండి, సుమారు 4.7 కేఏ. ట్రాన్స్‌ఫార్మర్ కాళ్ల దగ్గర షార్ట్ అయినా దాదాపు అంతే వస్తుంది. 50 కేఏ దండగ. 25 కేఏ తీసుకున్నా బోలెడు మిగులు. ఇదే 500 కేవీఏ అయ్యుంటే 15 కేఏ దగ్గరికి పోయేది, అప్పుడు ఫ్లాట్ల వైపు మామూలు 10 కేఏ ఎంసీబీలను నేరుగా పెట్టకూడదు. కొటేషన్‌లో ఐసీయూ (Icu) ఒక్కటే రాసి ఐసీఎస్ (Ics) రాయకపోతే అడగండి. మొదటిది ఒక్కసారి తెంచగల గరిష్ఠం, రెండోది తెంచాక కూడా మళ్లీ పనికొచ్చే హద్దు. ఐసీఎస్ వంద శాతం ఉన్నది తీసుకోండి.

జనరేటరు ఉంటే చేంజోవర్ (లైను నుంచి జనరేటరుకి మార్చే స్విచ్) ఫోర్ పోల్ అని రాయించండి. న్యూట్రల్ కూడా మారాలి.

మోడరేటర్
ఏప్రిల్ 30, సాయంత్రం 4:00

ఏ కంపెనీ బ్రేకర్ మంచిదనే పోస్టులు తొలగించాను. ఆ గొడవకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడే కొట్టుకోండి.

రావిచెట్టు_ఇల్లు
మే 3, రాత్రి 11:30

అప్‌డేట్. నిన్న పగలు మెయిన్ ఆపించి పని చేయించాం. రెండు ఏసీలను ఒకటి వైకి, ఒకటి బికి మార్చారు. మోటారును కూడా బికి మార్చారు. ఏడీఈ గారు చెప్పినట్టు న్యూట్రల్ చూపిస్తే, మీటర్ బాక్సులో ఎంసీబీ కింద న్యూట్రల్ స్క్రూ పావు వంతు తిరిగింది. వైరు తీసి చూస్తే అంగుళం మేర ఇన్సులేషన్ గట్టిపడి, గోటితో గీకితే పెళ్లలుగా రాలింది. అంతవరకూ కత్తిరించి, కొత్త లగ్గు క్రింప్ చేసి బిగించారు.

ఇప్పటి రీడింగులు: ఆర్ 23, వై 21, బి 26, న్యూట్రల్ 5 లోపు. నాలుగు ఏసీలూ, మోటారూ నడుస్తున్నాయి, మెయిన్ కదల్లేదు. బాక్సు మీదికి చిన్న రేకు చూరు కూడా వేయించాం. అదనపు లోడుకి అప్లికేషన్ పెట్టా.

ఒక్క సందేహం. నిన్న రాత్రి వంటింట్లో మిక్సీ ప్లగ్గు దగ్గర షార్టయింది. ఆ లైను ఎంసీబీతో పాటు బయట 40 కూడా పడింది. ఇది మామూలేనా?

వైర్‌మన్_సత్తెనపల్లి
మే 4, ఉదయం 6:50

మామూలే తమ్ముడూ. గట్టి షార్ట్ అయితే రెండిటి మ్యాగ్నెటిక్ కాయిల్స్ కలిసే లాగుతాయి. 40 సీ కర్వ్ 200 నుంచి 400 ఆంప్స్ మధ్య ఎక్కడైనా వెంటనే పడుతుంది. మీ షార్ట్ దాన్ని దాటేసి ఉంటుంది. ముందు ఆ ప్లగ్గు మార్పించు.

ప్యానెల్‌బోర్డు_బాలానగర్
మే 4, ఉదయం 9:00

అన్న చెప్పిందే. రెండు ఎంసీబీల మధ్య షార్ట్ సర్క్యూట్‌లో పూర్తి డిస్క్రిమినేషన్ (కిందిది ఒక్కటే పడి పైది నిలబడటం) దొరకడం కష్టం. మెయిన్ పడకూడదని పట్టుబడితే మీటర్ దగ్గర సరైన ఫ్యూజ్ స్విచ్ పెట్టుకోవచ్చు, కంపెనీ సెలెక్టివిటీ పట్టిక చూసి. ఇంటికి అంత అవసరం లేదు.

ఫ్లాట్_302
మే 4, ఉదయం 9:35

సార్, కాంట్రాక్టరు 250కి దిగాడు. కానీ రేటు తగ్గించనంటున్నాడు.

ప్యానెల్‌బోర్డు_బాలానగర్
మే 4, ఉదయం 9:41

ఇంకో రెండు కొటేషన్లు తెప్పించి ఆయన ముందు పెట్టండి, తగ్గుతాడు. బస్‌బార్ (ప్యానెల్‌లో కరెంటు మోసే లోహపు పట్టీ) సైజు, కాపరా అల్యూమినియమా అన్నది కూడా కాగితం మీద రాయించుకోండి.